బొత్తాం నొక్కే అర్హత

మా ఆఫీసు పని ధ్రువపత్రాలు ఇవ్వడం. పుట్టినవాడికి పుట్టాడని, పోయినవాడికి పోయాడని, కులం ఉన్నవాడికి ఉందని, ఆదాయం లేనివాడికి లేదని కాయితం మీద రాసి ముద్ర కొట్టి ఇస్తాం. మనిషి ఎదురుగా వచ్చి నిలబడి దణ్ణం పెట్టినా సరే, కాయితం చేతికొచ్చేదాకా అతను పుట్టినట్టు మేం ఒప్పుకోం. దీన్ని కొందరు మొండితనం అంటారు. నేనీ ఆఫీసులో సూపరింటెండెంటుని గనక నిబద్ధత అంటాను. పక్క ఆఫీసుల్లో మనిషిని చూసి పని చేసి పెడతారట. వాళ్ళ ఖర్మ వాళ్ళది.

అలాంటి ఆఫీసుకి కేంద్ర కార్యాలయం నుంచి ఆ సర్క్యులర్ వచ్చింది. గిట్టనివాళ్ళు 'అసలే కోతి, ఆపైన కల్లు తాగింది' అన్నారు గాని, మాకు మాత్రం పండగే అయింది. అందులో ఇలా ఉంది: "నెట్‌వర్కు మరియు సర్వరు వృత్తి సామర్థ్య ధ్రువీకరణ పథకము. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సర్వరు గదిలో పాదము మోపు ప్రతి వ్యక్తియు విధిగా ఆన్‌లైను పరీక్షయందు ఉత్తీర్ణత పొంది ధ్రువపత్రము కలిగియుండవలెను. నెలాఖరులోగా పొందజాలని వారు సదరు గదికిని, పిమ్మట ఉద్యోగమునకును అనర్హులగుదురు."

సర్వరు గదిలో పాదం మోపేది ఎవరు అని మీకు అనుమానం రావచ్చు. మా ఊళ్ళో ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిస్తే ఆ అనుమానం రాదు. ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది ఆ గదికే. మధ్యాహ్నం అందరం క్యారేజీలు పట్టుకుని అక్కడికే చేరతాం. డిప్యూటీ డైరెక్టరు శేషాచలపతి గారు భోజనం తరవాత అక్కడే కాస్త నడుం వాలుస్తారు. ఊడ్చే చిట్టెమ్మ మల్లెపూలు వాడిపోకుండా సర్వరు వెనకాల పెట్టుకుంటుంది. అంచేత అటెండరు నుంచి ఆఫీసరు దాకా నలభైమందిమీ ఆ సర్క్యులర్ కిందికి వచ్చాం.

ఆ గదిలో నిజంగా పని ఉన్నది ఒక్క మనిషికే. ఆవిడ పేరు గుబ్బల వీరవేణి, సర్వరు ఆపరేటరు. కాంట్రాక్టు ఉద్యోగం. ఇంట్లో మంచం పట్టిన భర్త, బడికెళ్ళే ఇద్దరాడపిల్లలు. ఈ ఉద్యోగం ఉంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆమె చేసే పని పెద్ద విద్యేమీ కాదు. కరెంటు రెప్ప కొట్టినప్పుడల్లా సర్వరు కింద ఉన్న యూపీఎస్ కుయ్యోమని ఏడుపు మొదలుపెడుతుంది. అప్పుడు దాని బొత్తాం ఒకటి నొక్కాలి. నొక్కితే ఊరుకుంటుంది. లేకపోతే కాసేపు ఏడ్చి ఏడ్చి పడుకుంటుంది, దాంతోపాటు సర్వరూ పడుకుంటుంది. మళ్ళీ లేపాలన్నా ఆ బొత్తామే దిక్కు.

చిక్కల్లా ఏమిటంటే బొత్తాలు నాలుగున్నాయి. వాటి మీద ఒకప్పుడు అక్షరాలుండేవి. మేం భక్తిపరులం. ఏటా దసరాకి ఆయుధ పూజ చేసి, యూపీఎస్‌కి పసుపు రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ బొట్లు పెట్టి, ఆ అక్షరాలన్నీ చెరిపేశాం. వాటిలో ఒక బొత్తాం నొక్కితే సర్వరులో ఉన్నదంతా ఊడ్చిపెట్టుకు పోతుందని దాన్ని బిగించిన కంపెనీ మనిషి వెళ్తూ వెళ్తూ చెప్పాడు. ఏ బొత్తామో చెప్పేలోగా అతని బస్సొచ్చేసింది. బొట్లు పెట్టేది వీరవేణి గనక ఏది ఏమిటో ఆమె చేతికి తెలుసు.

సర్క్యులర్ మీద శేషాచలపతి గారు సమావేశం పెట్టారు. వీరవేణి లేచి నిలబడింది.

"ఆ బొత్తాం మీద చిన్న కాయితం ముక్క అంటించేత్తానండి. ఇక్కడ నొక్కవలెను అని రాసేత్తే నేనున్నా లేపోయినా ఎవరో ఒకరు నొక్కేత్తారు కదండి."

శేషాచలపతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ప్రభుత్వం మాట్లాడబోతోందని అర్థం.

"చూడమ్మా. సాంకేతిక దృక్కోణంలో పరిశీలించినచో, పరికరం మీద కాయితం అంటించడమనేది పరికరానికి మార్పు చేయడం కిందికి వస్తుంది. సదరు మార్పుకు ఎక్స్‌పర్ట్ స్థాయి ధ్రువపత్రం అవసరం. నీకు ప్రస్తుతం ఏ స్థాయీ లేదు."

"పోనీ అది ఏ బొత్తామో ఇప్పుడు నోటితో చెప్పేత్తానండి."

"ధ్రువపత్రం లేని వ్యక్తి ధ్రువపత్రం లేని వ్యక్తులకు సాంకేతిక సమాచారం అందించడమా? అది రెండు నేరాలు."

ఆవిడ కూర్చుంది. నేను మినిట్స్‌లో 'చర్చ ఫలవంతంగా జరిగింది' అని రాసుకున్నాను.

పరీక్ష మొదటిసారి పెట్టినప్పుడు అందరం కలిసే రాశాం. పరీక్ష నడిచేదీ ఆ సర్వరు మీదే, ఎందుకంటే జిల్లాలో ఇంకో సర్వరు లేదు. పక్కగదిలో కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. కేంద్ర కార్యాలయం నుంచి పరిశీలకుడు వచ్చాడు. పాపం, నవ్వడానికి కూడా అనుమతి కావాల్సినట్టు ముఖం పెట్టుకునే మనిషి. అందరం రెండో ప్రశ్నలో ఉండగా కరెంటు రెప్ప కొట్టింది. గోడ అవతల యూపీఎస్ ఏడుపు మొదలుపెట్టింది. వీరవేణి లేవబోయింది.

"పరీక్ష మధ్యలో లేచినవారు అనర్హులు," అన్నాడు పరిశీలకుడు.

ఆవిడ కూర్చుంది. యూపీఎస్ ఏడ్చి ఏడ్చి పడుకుంది. సర్వరు పడుకుంది. పరీక్ష మాయమైంది. మా అందరి పేర్ల ఎదురుగా 'అసంపూర్తి' అని పడింది. అసంపూర్తి అంటే తప్పినట్టేనని నిబంధన. అటెండరు నూకరాజు ప్రశ్నల కట్ట కొని వారం రోజులుగా పద్యాల్లాగా వల్లె వేసుకున్నాడు. అతను నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

రెండోసారి శేషాచలపతి గారు తెలివిగా ఏర్పాటు చేశారు. "విస్తృత ప్రజాప్రయోజనాల దృష్ట్యా శ్రీమతి వీరవేణి పరీక్షా సమయమందు సర్వరు గదిలోనే ఉండి బొత్తాం నొక్కుచుండవలెను," అని ఉత్తర్వు వేశారు. ఆవిడ నొక్కుతూ కూర్చుంది. ఇవతల మేం నలభైమందిమీ దర్జాగా పాసయ్యాం. శేషాచలపతి గారికి ఎక్స్‌పర్ట్, నాకు ప్రొఫెషనల్, నూకరాజుకి, చిట్టెమ్మకి అసోసియేట్. ఆయుధ పూజ చేయించే పంతులు గారు కూడా కూర్చుని పాసై, ఆ సాయంత్రమే దక్షిణ పెంచేశారు. వీరవేణి పేరు ఎదురుగా 'గైరుహాజరు' అని పడింది.

"నేను లోపలే ఉన్నాను కదండి! నేను నొక్కబట్టే కదండి మీరంతా పాసయ్యారు!" అంది ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చి.

"నిజమేనమ్మా. కాని నువ్వు లోపల ఉన్నావనడానికి ఆధారమేది? ఆ గదిలో ఉండాలంటే సర్టిఫికెట్టు ఉండాలి. నీకు లేదు. కాబట్టి నువ్వు లోపల లేవు," అన్నాను.

చెబుతుంటే నాకే జాలేసింది. కాని జాలి మీద ఫైలు నడవదు.

సర్టిఫికెట్లన్నీ ఫ్రేములు కట్టించాం. ఎక్కడ తగిలించాలన్న ప్రశ్న వచ్చింది. సర్వరు గదిలోనే తగిలించడం న్యాయమని ఏకగ్రీవంగా తీర్మానించాం. గోడలు చాలక కొన్ని ఏసీ మూతికి అడ్డంగా వచ్చాయి. ముఖ్యంగా శేషాచలపతి గారిది, అది పెద్దది. దాంతో గది వేడెక్కింది. కరెంటు పోకపోయినా యూపీఎస్ ఏడవడం నేర్చుకుంది. వీరవేణి చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ నొక్కుతూనే ఉంది.

నెలాఖరు దగ్గర పడింది. ఆవిడకి చివరి అవకాశం ఇచ్చారు. ఈసారి పరీక్ష రాసేది ఆవిడొక్కతే. సర్వరుకి కాపలా మేం నలభైమందిమి, ధ్రువీకరించబడినవాళ్ళం. ఇంతకంటే పటిష్టమైన ఏర్పాటు జిల్లా చరిత్రలో లేదని శేషాచలపతి గారు పరిశీలకుడికి హామీ ఇచ్చారు.

సగం పరీక్ష అయ్యేసరికి యూపీఎస్ ఏడుపు అందుకుంది.

"నొక్కండి," అన్నారు శేషాచలపతి గారు.

"ఎవరు నొక్కాలండీ?" అన్నాడు నూకరాజు.

ఇది మంచి ప్రశ్న. ఎక్స్‌పర్ట్ గనక ఆయనే నొక్కాలని కొందరన్నారు. ఎక్స్‌పర్టు పర్యవేక్షించాలే గాని చేత్తో ముట్టుకోవడం ఆ స్థాయికి తగదని ఆయనన్నారు. ప్రొఫెషనల్ గనక నన్ను నొక్కమన్నారు. నొక్కే పని అసోసియేట్ల విధుల్లో ఉందని నేను సర్క్యులర్‌లో వేలితో చూపించాను. అసోసియేట్లు పదిహేడు మంది ఉన్నారు గనక వాళ్ళలో సీనియారిటీ తేల్చమన్నారు. చిట్టెమ్మ చేరింది నూకరాజు కంటే ముందా తరవాతా అన్న దగ్గర చర్చ ఆగింది. యూపీఎస్ గొంతు సన్నబడుతోంది. ఇంకాసేపుంటే ఆవిడ పరీక్షా, ఉద్యోగమూ దాంతోపాటే పోతాయని అందరికీ తెలుసు. తప్పు బొత్తాం నొక్కితే మన సర్టిఫికెట్టు పోతుందన్నది అంతకంటే బాగా తెలుసు.

అప్పుడు గోడ అవతల నుంచి కేక వినిపించింది.

"ఎడమ చేతి వైపు నించి మూడోదండీ! మూడోది నొక్కండి! నూకరాజూ, నీకు పుణ్యముంటాది, నొక్కరా!"

నూకరాజు కళ్ళు మూసుకుని నొక్కాడు. యూపీఎస్ ఊరుకుంది. సర్వరు నిలబడింది. వీరవేణి పరీక్ష పూర్తి చేసింది. తొంభై రెండు మార్కులొచ్చాయి. మా ఆఫీసులో అంత ఎవరికీ రాలేదు.

పరిశీలకుడు బయటికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "అభ్యర్థిని పరీక్షా మందిరమందు కూర్చుండి, సాంకేతిక ప్రశ్నకు జవాబును బిగ్గరగా ఇతరులకు తెలియజేసినారు. ఇది మాల్‌ప్రాక్టీసు. ఫలితము రద్దు."

"అది పరీక్షలో ప్రశ్న కాదండి బాబూ! నిజంగా జరుగుతుంటే చెప్పానండి!" అంది వీరవేణి.

"నిజంగా జరుగుతున్నది పరీక్షకు సంబంధం లేని విషయము," అన్నాడాయన. ఆ రోజంతా ఆయన పలికిన ఒకే ఒక నిజం అదే.

ఒకటో తారీకున ఆవిడని తీసేశారు. ఆ ఉత్తర్వు నేనే టైపు చేశాను. ఆవిడ సంతకం పెట్టి, సర్వరు వెనక ఉన్న తన టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. సాయంత్రానికి సర్వరు పడిపోయింది.

మర్నాడు పొద్దున్నే వరండాలో జనం బారులు తీరారు. ఇంటర్ పాసైన పిల్లలకి కుల ధ్రువపత్రాలు కావాలి, కాలేజీల్లో చేరే గడువు దగ్గర పడింది. మేమంతా సర్వరు గదిలో చేరి బొత్తాల కేసి చూస్తున్నాం. మూడోది నొక్కాలని మాకందరికీ తెలుసు. కాని తెలిసినట్టు రికార్డులో లేదు. మాల్‌ప్రాక్టీసు ద్వారా అందిన సమాచారాన్ని విధి నిర్వహణలో వాడుకోరాదని కేంద్ర కార్యాలయం రాతపూర్వకంగా చెప్పింది. నూకరాజుని పిలిచి నువ్వు ఏది నొక్కావని విచారిస్తే, "కళ్ళు మూసుకున్నానండి, నాకేం తెలీదండి," అని పోలేరమ్మ మీద ఒట్టేశాడు.

"సూపరింటెండెంటు గారూ, సర్టిఫికెట్టు లేకుండా బొత్తాం నొక్కగల వ్యక్తి ఈ దేశంలో ఎవరైనా ఉన్నారా?" అన్నారు శేషాచలపతి గారు దిగాలుగా.

నా సర్వీసులో నేను గర్వపడే క్షణం అదొక్కటే. "ఉన్నారండి. ముఖ్య అతిథి," అన్నాను.

నేను వివరించాను. వంతెనలు ప్రారంభించేవాళ్ళకి ఇంజినీరింగ్ తెలియాలని ఎవరైనా అడిగారా? ఆసుపత్రి ప్రారంభించే పెద్దమనిషిని నాడి చూడమన్నారా? రిబ్బను కత్తిరించి, దీపం వెలిగించి, బొత్తాం నొక్కే చేతికి ఈ దేశంలో ఏ అర్హతా అక్కర్లేదు. కాబట్టి సర్వరుకి ప్రారంభోత్సవం చేద్దాం, వీరవేణిని ముఖ్య అతిథిగా పిలుద్దాం. శేషాచలపతి గారు నన్ను కౌగిలించుకున్నారు.

ఆవిడ ఇంటికి కారు పంపాం. మామూలుగా షేరాటోలో వచ్చే మనిషి కారు దిగుతుంటే చిట్టెమ్మ హారతిచ్చింది. పూలదండ వేశాం. శాలువా కప్పాం. శేషాచలపతి గారు స్వాగతోపన్యాసం చేశారు. జ్యోతి ప్రజ్వలన అయింది. వీరవేణి రిబ్బను కత్తిరించి, లోపలికెళ్ళి, బొత్తాం నొక్కింది. సర్వరు లేచింది. అందరం చప్పట్లు కొట్టాం. వరండాలో జనం ఇంకా గట్టిగా కొట్టారు.

మధ్యాహ్నం మళ్ళీ పడింది. పునఃప్రారంభోత్సవం చేశాం. సాయంత్రం ఇంకోటి. వారం తిరిగేసరికి ఊళ్ళో శాలువాల కొట్టువాడు మాకు అరువు పెట్టడం మానేశాడు. జ్యోతి ప్రజ్వలన వల్ల గది ఇంకా వేడెక్కి సర్వరు ఇంకా తరచుగా పడేది, పడ్డప్పుడల్లా మళ్ళీ దీపం వెలిగించేవాళ్ళం. వీరవేణికి రావడానికి కారు, కూర్చోడానికి ఎత్తు కుర్చీ, తాగడానికి కొబ్బరి నీళ్ళు. జీతం మాత్రం లేదు. ముఖ్య అతిథికి జీతం ఇచ్చే పద్దు ప్రభుత్వంలో లేదు మరి.

ఒకరోజు ముఖ్య అతిథి ప్రసంగంలో ఆవిడ మైకు పట్టుకుంది.

"అందరికీ నమస్కారమండి. మా ఇంట్లో శాలువాలు మంచమెత్తు పడున్నాయండి. వాటిని ఉడకేసుకుని తింటామా అండి? కిరాణా కొట్టాయన శాలువా తీసుకుని బియ్యం ఇయ్యనంటన్నాడండి. పిల్లలకి బడి ఫీజు కింద మెమెంటోలు పట్టుకెళ్తే మాస్టారు నవ్వాడండి. నాకు దండలొద్దండి, నా ఉద్యోగం నాకిచ్చేయండి. రేపు ఇవ్వకపోతే మరి ముఖ్య అతిథి రారండి. జైహింద్."

మేం అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాం. తరవాత విషయం అర్థమై చేతులు దింపుకున్నాం.

శేషాచలపతి గారు ఆ పూటే కేంద్ర కార్యాలయానికి వెళ్ళారు. అక్కడ ఏం చెప్పారో గాని, వచ్చేటప్పుడు ఆయన చేతిలో బంగారు అంచు కాయితం ఉంది. విశిష్ట అతిథులకు విశ్వవిద్యాలయాలు డాక్టరేటు ఇచ్చినట్టు, అనేక ప్రారంభోత్సవాలు గావించిన శ్రీమతి గుబ్బల వీరవేణి గారికి గౌరవ ఎక్స్‌పర్ట్ స్థాయి ధ్రువపత్రం. పరీక్ష అక్కర్లేదు, మాల్‌ప్రాక్టీసు అడ్డం రాదు. సర్టిఫికెట్టు ఉంది గనక ఉద్యోగమూ వచ్చింది. అదీ కాంట్రాక్టు కాదు, పర్మనెంటు. ఆవిడ కాయితాన్ని కళ్ళకద్దుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నూకరాజు మిఠాయి పంచాడు. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి, దాచడం దేనికి.

సోమవారం పొద్దున్న ఆవిడ మెడలో కొత్త ఐడీ కార్డు వేసుకుని వచ్చింది. ఫ్రేము తగిలించుకుంది. కుర్చీలో కూర్చుంది. అరగంట కాకుండానే యూపీఎస్ ఏడుపు మొదలుపెట్టింది. మేం నిశ్చింతగా ఫైళ్ళలో తలలు పెట్టుకున్నాం. ఏడుపు ఆగలేదు. తలలెత్తి సర్వరు గది తలుపులోంచి చూశాం.

వీరవేణి బొత్తాల కేసి చూస్తోంది. చెయ్యి ఒడిలోనే ఉంది.

"నొక్కమ్మా," అన్నాను.

ఆవిడ లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది. మాట నెమ్మదిగా, ఒద్దికగా ఉంది. "రాతపూర్వకంగా ఉత్తర్వు ఇప్పించండి సార్."

"ఇన్నాళ్ళూ ఉత్తర్వు లేకుండానే నొక్కావుగా!"

"ఇన్నాళ్ళూ నాకు పోడానికేం లేదండి. ఇప్పుడు పర్మనెంటు. అది మూడోదేనని నా చేతికి తెలుసండి, కాయితం మీద ఎక్కడా లేదు. పొరపాటున వేరేది తగిలిందనుకోండి, ఎవరిది పోద్ది? నా పిల్లల మొహాలు మీరు చూత్తారా?"

ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు పట్టలేకపోయాను. యూపీఎస్ గొంతు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. సర్వరు దీపాలు ఆరిపోయాయి. వరండాలో జనం ఉసూరుమన్నారు.

శేషాచలపతి గారు కళ్ళజోడు తీశారు. ఈసారి తుడుచుకోవడం కూడా మరిచిపోయారు. "సూపరింటెండెంటు గారూ, ఇంకో ముఖ్య అతిథిని చూడండి," అన్నారు.

నేను మిగిలిన ఆఖరి శాలువా పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. బారులో అందరికంటే ముందు ఏటి మధ్య లంకల్లోంచి వచ్చిన రైతు ఒకాయన నిలబడి ఉన్నాడు. చేతులకి బురద ఇంకా ఆరలేదు. కూతురి కుల ధ్రువపత్రం కోసం వచ్చాడు. కాలేజీ గడువు ఆ సాయంత్రంతో ఆఖరట.

"మీకు సర్వర్ల గురించి ఏమైనా తెలుసా?" అని అడిగాను.

"నాకేం తెలుత్తాదండి బాబూ, ఏలిముద్రగాణ్ణి," అన్నాడాయన భయంభయంగా.

శాలువా కప్పి లోపలికి తీసుకొచ్చాను. నలభై ఒక్కమందిమీ లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఆయన బిత్తరపోయి మా అందరి ముఖాలూ చూశాడు, నాలుగు బొత్తాలూ చూశాడు, దగ్గర్లో నిలబడ్డ వీరవేణిని చూశాడు. అందరిలోకీ ఆవిడే తన మనిషిలా కనబడిందేమో, ఆవిడ వైపు వంగాడు.

"అమ్మా, నా కూతురు చదువు దీని మీదే ఉందంట. ఏది నొక్కాలో కాస్త చెప్పు తల్లీ."

వీరవేణి పెదవి కదిలింది. ఒకసారి నా కేసి, ఒకసారి గోడ మీద ఫ్రేముల కేసి చూసింది. తరవాత తల దించుకుంది.

"పై అధికారిని అడగండి బాబాయ్," అంది.